కొత్త ఇండెక్స్ రకానికి పేరు పెట్టాలి: మిన్‌మ్యాక్స్_జిన్ అంటే సరిపోతుందా?

ఇందుకూరుపేట_డేటా అడుగుతున్నారు:

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి ఒక ఇండెక్స్ ఎక్స్‌టెన్షన్ (వరసల్ని త్వరగా వెతికిపెట్టే అదనపు భాగం) సిద్ధమైంది. కోడ్ నడుస్తోంది, టెస్టులన్నీ దాటింది. పేరు దగ్గరే ఆగిపోయాం. బయటికి ఇచ్చాక పేరు మార్చడం కష్టమంటున్నారు, అందుకే ముందే అడుగుతున్నా.

అదేం చేస్తుందో చెప్తా. రొయ్యల గుంటల్లో పెట్టిన సెన్సర్ల డేటా ఇది. 400 గుంటలు. ఒక్కో గుంట నుంచి ఐదు నిమిషాలకొక వరస వస్తుంది: టైమ్, గుంట నంబరు, డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్, ఉష్ణోగ్రత, ఉప్పు. రోజుకు 1,15,200 వరసలు, ఏడాదికి 4.2 కోట్లు. వరసకు 60 బైట్లు పడుతుంది కాబట్టి 8 కేబీ పేజీలో 136 వరసలు. 400 గుంటలూ ఒక చుట్టు తిరిగేసరికి మూడు పేజీలు నిండుతాయి.

మాకు రోజూ వచ్చే ప్రశ్న ఇది: "217వ గుంటలో ఈ రెండు నెలల్లో డీఓ 3 కిందికి ఎప్పుడెప్పుడు పడింది?" టైమ్ మీద బ్రిన్ (పేజీల గుంపుకొక సారాంశం దాచే ఇండెక్స్) చక్కగా పనిచేస్తుంది. గుంట నంబరు మీద పనికిరాదు. డిఫాల్ట్ రేంజ్ 128 పేజీలు, అంటే దాదాపు మూడున్నర గంటల డేటా, అందులో 400 గుంటలూ ఉంటాయి. డీఓ మీద పెట్టినా తెల్లవారుజాము రేంజ్ ఏది తీసుకున్నా ఏదో ఒక గుంటలో డీఓ పడే ఉంటుంది, కాబట్టి ఆ రేంజ్‌ని వదిలేయలేం. గుంట, టైమ్ కలిపి బీట్రీ (మామూలు ఇండెక్స్) పెడితే పని జరుగుతుంది, కానీ ఏడాదికి 1.2 జీబీ దాటుతుంది. పైగా రెండు నెలలకి 17,280 వరసలూ చదవాల్సిందే.

మా ఇండెక్స్‌లో, జిన్ అనే ఇన్వర్టెడ్ ఇండెక్స్‌లో లాగా, ఒక్కో గుంట నంబరు కింద వరసల అడ్రసుల జాబితా ఉంటుంది, కుదించి. ఆ జాబితాని 128 అడ్రసులకొక ముక్కగా కోస్తాం. ప్రతి ముక్క నెత్తిన ఒక చీటీ: ఆ ముక్కలో టైమ్ ఎక్కడి నుంచి ఎక్కడి వరకు, డీఓ ఎంత నుంచి ఎంత వరకు. 128 రీడింగులంటే ఒక గుంటకి 10 గంటల 40 నిమిషాలు. రెండు నెలలకి 135 చీటీలు చూసి, డీఓ 3 కిందికి పోయిన ముక్కల్ని మాత్రమే విప్పుతాం.

అనుకున్న పేర్లు నాలుగు. మిన్‌మ్యాక్స్_జిన్. జోన్డ్ ఇన్వర్టెడ్ అన్న మాటల్ని కుదించి జడ్, ఐ, ఎన్. ప్రాన్. గుంట. నాకైతే మొదటిదే ఇష్టం, చూడగానే పని తెలిసిపోతుంది. మీరేమంటారు?

ఒంగోలు_డీబీఏ:

తమ్ముడూ, నీకు ఇష్టమైనదాన్నే ముందు పక్కన పెట్టమంటా. సరిగ్గా ఇదే మాట ఇప్పటికే ఒకసారి పెట్టి తీసేశారు.

నువ్వు పైన చెప్పిన బ్రిన్ ఉందే, 2013లో అల్వారో హెర్రేరా దాన్ని ప్రతిపాదించినప్పుడు పేరు మిన్‌మ్యాక్స్ ఇండెక్స్. ప్రతి పేజీల గుంపుకి కనిష్ఠం, గరిష్ఠం దాస్తుంది గదా, పేరు అతికినట్టే ఉంది. చర్చ నడిచింది, 2014 నవంబరులో కోడ్ లోపలికి చేరేనాటికి అది బ్లాక్ రేంజ్ ఇండెక్స్ అయింది. 2016 జనవరిలో 9.5తో జనానికి అందింది. ఆ మార్పు ఎంత మంచిదో ఆ వెర్షన్‌లోనే కనిపిస్తుంది. బాక్స్‌లకీ, నెట్‌వర్క్ అడ్రసులకీ, రేంజ్ టైపులకీ కనిష్ఠం గరిష్ఠం కాదు, అన్నిటినీ కప్పే ఒక చుట్టుగీత దాస్తుంది. దాన్ని ఇన్‌క్లూజన్ అన్నారు. 2021లో వెర్షన్ 14కి బ్లూమ్ (ఒక విలువ ఉండే అవకాశం ఉందో లేదో చెప్పే గుర్తు) కూడా చేరింది, ఒకే రేంజ్‌లో చాలా మిన్‌మ్యాక్స్ జతలు దాచే రకం కూడా చేరింది. పాత పేరే ఉండుంటే "మిన్‌మ్యాక్స్ ఇండెక్స్‌లో బ్లూమ్ రకం" అని రాసుకోవాల్సి వచ్చేది. చదివేవాడు ఏమని అర్థం చేసుకుంటాడు?

రేపు నీ చీటీ మీద డీఓ బదులు అలారం కోడ్‌ల బ్లూమ్ పెట్టాలనిపిస్తే? పెట్టాలనిపిస్తుంది, చూడు. చీటీలో రాసేది మారుతుంది. మారనిది ఏందంటే, కీ కింద అడ్రసుల జాబితా, జాబితాకి ముక్కలు, ముక్కకొక చీటీ. పేరు అక్కడి నుంచి రావాలి.

మిన్‌మ్యాక్స్ అన్న మాటని పారేయక్కర్లేదు, దానికి చోటు ఉంది. ఆపరేటర్ క్లాస్ (ఏ టైపుకి ఏం దాయాలో చెప్పే నిర్వచనం) పేరులో పెట్టు. బ్రిన్ చేసింది అదే: ఇంట్4_మిన్‌మ్యాక్స్_ఆప్స్, ఇంట్4_బ్లూమ్_ఆప్స్. ఇండెక్స్ పేరు నిర్మాణానిది, ఆపరేటర్ క్లాస్ పేరు చీటీలో రాసినదానిది.

ప్రాన్, గుంట కూడా ఇదే లెక్కన పోతాయి. అవి నీ డేటా పేర్లు, ఇండెక్స్‌వి కావు. కరెంటు మీటర్ల రీడింగులకి వాడుకునేవాడు "ప్రాన్ ఇండెక్స్" చూసి ఇది తనది కాదనుకుని పక్కకి పోతాడు.

పెన్నా_ఒడ్డు:

పేరు తర్వాత మార్చడం కష్టమేనా అన్నావు. ఎంత కష్టమో, ఎక్కడెక్కడ అంటుకుంటుందో రాస్తా. పేరు ఏదైనా సరే, ఇవి ముందే తెలిసుండాలి.

పీజీ_ఏఎం అనే కేటలాగ్ టేబుల్‌లో యాక్సెస్ మెథడ్ (ఇండెక్స్ రకం లాంటిది) పేరు ఉంటుంది. క్రియేట్ ఉంది, డ్రాప్ ఉంది, పేరు మార్చడానికి ఆల్టర్ యాక్సెస్ మెథడ్ అనే ఆదేశమే లేదు. కొత్త పేరు కావాలంటే కొత్త మెథడ్ సృష్టించి, ఆపరేటర్ క్లాసులు మళ్లీ రాసి, వాడుతున్న ప్రతివాడూ ఇండెక్స్‌లు మళ్లీ కట్టుకోవాలి. పాతదాన్ని డ్రాప్ చేయబోతే, దాని మీద ఆధారపడినవి ఉన్నాయని ఒప్పుకోదు. కాస్కేడ్ పెడితే ఇండెక్స్‌లన్నీ దాంతోనే పోతాయి.

ఈ పేర్లకి స్కీమా లేదు. డేటాబేస్ మొత్తానికి ఒక పేరు ఒక్కసారే ఉండాలి. టేబుల్ మెథడ్‌లు, ఇండెక్స్ మెథడ్‌లు కూడా ఒకే టేబుల్‌లో ఉంటాయి కాబట్టి హీప్ (మామూలు టేబుల్ మెథడ్) లాంటి పేరు ఇండెక్స్‌కి పెట్టలేం. ఇంకెవరో ఎక్స్‌టెన్షన్ అదే పేరు వాడితే రెండూ ఒక డేటాబేస్‌లో ఇమడవు.

డంప్ (డేటాబేస్ నకలు ఫైలు) తీస్తే ప్రతి ఇండెక్స్ నిర్వచనంలో యూజింగ్ తర్వాత ఆ పేరు పడుతుంది. మూడేళ్ల కిందటి డంప్‌ని కొత్త సర్వర్లో రీస్టోర్ చేసే రోజున పాత పేరు అక్కడ లేకపోతే ఇండెక్స్ దగ్గర ఎర్రర్. దీనికి పోస్ట్‌గ్రెస్ లోపలే ఒక సాక్ష్యం ఉంది. ఆర్‌ట్రీ అనే ఇండెక్స్ రకాన్ని 2006లో 8.2 వెర్షన్‌లో తీసేసి, ఆ పనిని జిస్ట్ అనే ఇండెక్స్ రకానికి అప్పగించారు. పాత డంపులు పగలకుండా "ఆర్‌ట్రీ అడిగితే, అది లేకపోతే జిస్ట్ ఇవ్వు" అని ఇండెక్స్ సృష్టించే కోడ్‌లోనే ఒక ముక్క రాసి ఉంచారు. అది కోర్ కాబట్టి చెల్లింది. బయట ఉండే ఎక్స్‌టెన్షన్‌కి ఆ వెసులుబాటు లేదు.

ఎక్స్‌టెన్షన్ పేరు ఇంకొకటి. ఆల్టర్ ఎక్స్‌టెన్షన్‌తో వెర్షన్ పెంచొచ్చు, స్కీమా మార్చొచ్చు, పేరు మార్చలేం. లైబ్రరీ ఫైలు పేరు ఫంక్షన్ల కేటలాగ్‌లో నమోదవుతుంది. ఆ ఫైలు పేరు మార్చితే పీజీ_అప్‌గ్రేడ్ (సర్వర్ వెర్షన్ పెంచే సాధనం) లైబ్రరీ దొరకలేదని పరీక్షల దశలోనే ఆగిపోతుంది. అందుకే ఎక్స్‌టెన్షన్, లైబ్రరీ, యాక్సెస్ మెథడ్, సెట్టింగుల ముందు వచ్చే మాట, నాలుగూ ఒకే పేరు పెట్టుకో.

అక్షరాల సంగతి. కోట్స్ లేకుండా రాసిన పేరు చిన్న బడి అక్షరాల్లోకి మారిపోతుంది, కాబట్టి మధ్యలో పెద్ద అక్షరాలు పెట్టి అందం చూసుకోవద్దు. అడ్డగీత అసలొద్దు. యూయూఐడీ-ఓఎస్‌ఎస్‌పీ ఎక్స్‌టెన్షన్ పెట్టుకునేటప్పుడు డబుల్ కోట్స్ మర్చిపోయి సింటాక్స్ ఎర్రర్ తెచ్చుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఎస్‌పీ-జిస్ట్‌కి డాక్యుమెంట్లో గీత ఉంటుంది, ఎస్‌క్యూఎల్‌లో ఉండదు. వెతికేటప్పుడు రెండు రాతలూ వెతకాలి.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. ప్రశ్న ఎలా నడుస్తుందో చూపించే ఎక్స్‌ప్లెయిన్‌లో కనిపించేది ఆ ఒక్క ఇండెక్స్‌కి పెట్టుకున్న పేరే, దాని రకం కాదు. పోస్ట్‌గ్రెస్ తనంతట తాను పెట్టే పేరులో కూడా టేబుల్, కాలమ్, చివర ఐడీఎక్స్ ఉంటాయి, రకం ఉండదు. కాబట్టి జనం నీ రకం పేరుని ఇండెక్స్ పేరు చివర తామే తగిలించుకుంటారు. పేరు పొట్టిగా ఉంటేనే ఆ పని చేస్తారు. మిన్‌మ్యాక్స్_జిన్ అంత పొడవుంటే చేయరు.

కావలి_భాష:

జడ్‌తో మొదలయ్యే పేరు గురించి. రాతలో జీ, జడ్ వేరు. నోట్లో? మనవాళ్లకి రెండూ "జిన్" గదా. "ఆ టేబుల్ మీద జిన్ పెట్టు" అని ఫోన్లో చెప్తే అవతలివాడు అసలు జిన్ పెడతాడు. బీట్రీ_జిన్ ఎక్స్‌టెన్షన్ ఉన్నచోట తప్పు పెట్టినా ఎర్రర్ కూడా రాదు, ఇండెక్స్ కట్టుకుంటుంది, ప్రశ్న నెమ్మదిగా నడుస్తుంది, కారణం దొరకదు. కొట్టేయండి.

ఇక తెలుగు మాట పెట్టాలంటే ఒక కొలత చెప్తా. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఒకటే రాత రావాలి. గుంటని కొందరు టీ ఒక్కటే వేసి రాస్తారు, కొందరు పక్కన హెచ్ కూడా వేస్తారు. ట, త, థ, ఠ ఉన్న మాటలన్నిటికీ ఈ బెడద ఉంది. పైగా గుంట అంటే మనకి రొయ్యలు పెంచేది, తెలంగాణలో ఎకరంలో నలభయ్యో వంతు.

ఇందుకూరుపేట_డేటా:

అందరికీ చాలా థ్యాంక్స్. నాలుగూ పోయినట్టే. కావలి అక్క చెప్పిన జిన్ సంగతి మాకు తట్టనే లేదు.

నిర్మాణం నుంచి పేరు అంటే ఇవి వచ్చాయి: కీసెగ్ (కీ, సెగ్మెంట్), కీస్పాన్, బ్లాక్‌మ్యాక్స్. తెలుగులో అయితే "కట్ట", చీటీ కట్టిన కట్ట అనే అర్థంలో.

ఇంకో ఆలోచన. ఒకే హ్యాండ్లర్ ఫంక్షన్‌తో రెండు యాక్సెస్ మెథడ్ పేర్లు రిజిస్టర్ చేయొచ్చు గదా? ఒకటి ఇంగ్లీషుది, ఒకటి తెలుగుది. ఎవరికి నచ్చింది వాళ్లు వాడుకుంటారు.

కొత్తపట్నం_సీ:

బ్లాక్‌మ్యాక్స్ ఎందుకు తట్టిందో తెలుసు. సెర్చ్ ఇంజిన్ల పరిశోధనలో మీ నిర్మాణానికి దగ్గరి బంధువు ఉంది. 2011లో డింగ్, సుయెల్ రాసిన పేపరులో పోస్టింగ్ జాబితాని (ఒక మాట ఉన్న పత్రాల జాబితా) ముక్కలు చేసి ముక్కకొక గరిష్ఠ స్కోరు దాస్తారు, దాన్ని బ్లాక్-మ్యాక్స్ ఇండెక్స్ అన్నారు. మీ డాక్యుమెంట్లో ఆ పోలిక తప్పకుండా రాయండి, చదివినవాళ్లకి ఒక్క వాక్యంలో అర్థమవుతుంది. పేరుగా మాత్రం వద్దు. పోస్ట్‌గ్రెస్‌లో బ్లాక్ అంటే 8 కేబీ పేజీ. మీ ముక్క పేజీ కాదు, ఒక పేజీలో మీ ముక్కలు బోలెడు పడతాయి. పైగా గరిష్ఠం ఒక్కటే కాదు మీరు దాచేది.

సెగ్మెంట్ ఇంకా ఘోరం. టేబుల్ ఫైలు 1 జీబీకొకటిగా కోస్తే దాని పేరు సెగ్మెంట్. మార్పుల చిట్టా అయిన వాల్ ఫైలు మామూలుగా 16 ఎంబీ, అదీ సెగ్మెంటే. గ్రీన్‌ప్లమ్‌లో ఒక్కో డేటాబేస్ ఇన్‌స్టాన్స్‌నే సెగ్మెంట్ అంటారు. మన నెల్లూరులో పుట్టి వడ్లు అంటే 850 కిలోలు. జిల్లా దాటి అదే మాట అంటే ఎన్ని కిలోల పుట్టి అని అడుగుతారు. సెగ్మెంట్ అన్న ప్రతిసారీ మీరూ అట్టాగే విడమర్చి చెప్పుకోవాలి. చంక్ అందామంటే పెద్ద విలువలు దాచే టోస్ట్‌లో ఉంది, టైమ్‌స్కేల్‌లో ఉంది. రన్ సార్టింగ్ కోడ్‌లో ఉంది. జోన్ అంటే సగం మందికి టైమ్ జోన్.

కీస్పాన్ ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తుంది కానీ కాక్రోచ్‌డీబీ వాడే పెబుల్ స్టోరేజ్‌లో ఆ పేరుతోనే ఒక ప్యాకేజీ ఉంది. అక్కడ స్పాన్ అంటే ఒక కీ నుంచి ఇంకో కీ దాకా ఉన్న మేర. మీ దగ్గర కీ ఒక్కటే, దాని కింద ముక్కలు. అటు అలవాటైనవాడు మీ పేరు చూసి తలకిందులుగా అర్థం చేసుకుంటాడు.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. వెర్షన్ 10 వచ్చేదాకా డేటా డైరెక్టరీలో వాల్ ఫైళ్లకి పీజీ_ఎక్స్‌లాగ్ అనే ఫోల్డరు ఉండేది. డిస్కు నిండితే "లాగ్‌లే గదా" అని దాన్ని ఖాళీ చేసి డేటాబేస్‌ని చంపుకున్నవాళ్లు ఉన్నారు. 2017లో పీజీ_వాల్ అని మార్చారు, పీజీ_క్లాగ్‌ని పీజీ_ఎక్స్‌యాక్ట్ చేశారు. ఆ మాటలు వాడిన బ్యాకప్ స్క్రిప్టులన్నీ తిరగరాయాల్సి వచ్చింది. అయినా మార్చారంటే ఆ పేరు చేసిన నష్టం అంతటిది.

బ్లూమ్ సంగతి కూడా చూడండి. 9.6లో బ్లూమ్ అనే ఇండెక్స్ రకం వచ్చింది. తర్వాత బ్రిన్‌లో బ్లూమ్ అనే ఆపరేటర్ క్లాసులు వచ్చాయి. "బ్లూమ్ ఇండెక్స్ నెమ్మదిగా ఉంది" అని ఎవరైనా అడిగితే ఏ బ్లూమో ముందు అడగాలి.

ఒంగోలు_డీబీఏ:

రెండు పేర్లు వద్దు తమ్ముడూ. మన ఒంగోలు జాతి పశువుల సంతతిని బ్రెజిల్‌లో నెలోర్ అంటారు. మూలం ఒకటే, కానీ ఒక పేరు తెలిసినవాడికి రెండో పేరు మీద రాసినదేదీ దొరకదు. నీ ఇండెక్స్ మీద వచ్చే ప్రశ్నలూ జవాబులూ అట్టాగే రెండు కుప్పలవుతాయి.

పనిగా చూసినా బరువే. హ్యాండ్లర్ ఒక్కటి అయినా ఆపరేటర్ క్లాసులు మెథడ్‌కి కట్టుబడి ఉంటాయి. పేరుకొక సెట్టు రాయాలి, వెర్షన్ పెంచిన ప్రతిసారీ రెండూ పెంచాలి.

కావలి_భాష:

"కట్ట" అర్థం బాగుంది, కానీ హిందీ ప్రాంతంలో కట్టా అంటే నాటు తుపాకి. అటువైపు మీటింగులో ఆ మాట తేలిగ్గా నోటికి రాదు. టీ రెండా ఒకటా అన్న తంటా కూడా ఉంది.

"మోపు" ఎట్టా ఉంటుంది? గడ్డి మోపు, కట్టెల మోపు. కొన్ని పోచల్ని కలిపి ఒకటిగా కట్టి, విప్పకుండా మోసుకుపోయేది. మీ ఇండెక్స్ చేసేది అదే గదా: 128 అడ్రసుల్ని ఒకటిగా కట్టి, పైనున్న చీటీ చూసి, అవసరమైతేనే విప్పుతుంది. ఎమ్, ఓ, పీ, యూ, నాలుగక్షరాలు. ఒత్తు లేదు, ట-త తగాదా లేదు. ఓ రెండుసార్లు రాస్తే మూపు అవుతుంది, అది ఎద్దుదని తెలుగు వచ్చినవాళ్లు పట్టేస్తారు. డాక్యుమెంట్లో మొదటి లైన్లోనే ఒక్క ఓ అని రాసేయండి. నేరం మోపడం అనే మాట ఉంది కానీ అది క్రియ, పక్కన నేరం లేనిదే ఆ అర్థం రాదు.

కొత్తపట్నం_సీ:

మోపు నాకు నచ్చింది. పోస్ట్‌గ్రెస్ సోర్స్‌లో ఆ మాటకి ఇంకో అర్థం లేదు, అదే పెద్ద లాభం. బ్లాక్, సెగ్మెంట్, చంక్ అన్నీ ఇప్పటికే ఎవరో ఒకరివి.

తెలుగు రానివాళ్లకి ఏమీ చెప్పదు అన్న లోటుని కామెంట్‌తో పూడ్చాలి. కంట్రోల్ ఫైల్లో కామెంట్ లైను ఎక్స్‌టెన్షన్ల జాబితాలో కనిపిస్తుంది. కామెంట్ ఆన్ యాక్సెస్ మెథడ్ అని విడిగా కూడా ఉంది, బ్యాక్‌స్లాష్ డీఏ ప్లస్ కొడితే చూపిస్తుంది. రెండింటిలోనూ ఇంగ్లీషులో ఒక్క వాక్యం: ముక్కలుగా కోసి ముక్కకొక సారాంశం ఉంచిన ఇన్వర్టెడ్ ఇండెక్స్ అని.

పెన్నా_ఒడ్డు:

పేరుని తెలుగు లిపిలోనే ఎందుకు పెట్టకూడదని ఎవరో ఒకరు అడుగుతారు, ముందే చెప్తా. పోస్ట్‌గ్రెస్ ఒప్పుకుంటుంది, కోట్స్ కూడా అక్కర్లేదు. పేరుకి హద్దు 63 బైట్లు. తెలుగులో గుణింతపు గుర్తు కూడా విడి కోడే, ఒక్కో కోడ్‌కి 3 బైట్లు, అంటే 21 కోడ్‌లు. మోపు నాలుగు కోడ్‌లు, 12 బైట్లు, ఇబ్బంది లేదు. కానీ పొడవైన ఇండెక్స్ పేరు చివర తగిలిస్తే 63 దగ్గర కోత పడుతుంది. కోడ్ మధ్యలో కోయదు గానీ గుణింతం ఊడిపోవచ్చు, "మోపు" కాస్తా "మోప" అవుతుంది. డేటాబేస్ ఎన్‌కోడింగ్ లాటిన్1 అయితే ఆ డంప్ అక్కడ ఎక్కనే ఎక్కదు. ఇంగ్లీషు అక్షరాలే వాడు.

బయటికి ఇచ్చేముందు ఈ పరీక్ష చేయి. పోస్ట్‌గ్రెస్ ఎక్స్‌టెన్షన్లుండే పీజీఎక్స్‌ఎన్‌లో, గిట్‌హబ్‌లో, డెబియన్ ప్యాకేజీల్లో ఆ నాలుగక్షరాలు వెతుకు. తర్వాత ఖాళీ డేటాబేస్‌లో ఎక్స్‌టెన్షన్ పెట్టి, లక్ష వరసల టేబుల్ మీద ఇండెక్స్ కట్టి, డంప్ తీసి, ఇంకో సర్వర్లో రీస్టోర్ చేయి. ఆ తర్వాత పీజీ_అప్‌గ్రేడ్‌ని చెక్ ఆప్షన్‌తో నడుపు. చివరగా కోడ్ మొత్తంలో పాత పేరు గ్రెప్ చేయి (వెతుకు). ఎర్రర్ మెసేజీల్లో, టెస్టుల ఆశించిన అవుట్‌పుట్ ఫైళ్లలో అది దాక్కుని ఉంటుంది. వాల్‌కి సొంత రిసోర్స్ మేనేజర్ రాసుంటే దాని పేరూ మార్చు, అక్కడ పెద్ద చిన్న అక్షరాల తేడా లెక్కలోకి రాదు. పీజీ_వాల్‌డంప్‌లో మాత్రం నీ పేరు కనపడదు, కస్టమ్ అని పక్కన నంబరే వస్తుంది. అది చూసి తప్పు జరిగిందని కంగారు పడకు.

ఇందుకూరుపేట_డేటా:

మోపునే ఖాయం చేశాం. ఎక్స్‌టెన్షన్, లైబ్రరీ, యాక్సెస్ మెథడ్, సెట్టింగుల ముందు మాట అన్నీ అదే. ఆపరేటర్ క్లాసులు ఫ్లోట్4_మిన్‌మ్యాక్స్_ఆప్స్, టైమ్‌స్టాంప్‌టీజడ్_మిన్‌మ్యాక్స్_ఆప్స్. ముక్కకి ఎన్ని అడ్రసులు అనే పారామీటర్‌కి మొదట సెగ్మెంట్_సైజ్ అని ఉండేది, కొత్తపట్నం అన్న చెప్పిన కారణంతోనే తీసేసి రోస్_పర్_మోపు చేశాం, డిఫాల్ట్ 128.

గ్రెప్ చేస్తే పాత పేరు 31 చోట్ల దొరికింది, అందులో 19 టెస్ట్ అవుట్‌పుట్ ఫైళ్లలోనే. డంప్, రీస్టోర్ సరిగ్గా జరిగాయి. పీజీ_అప్‌గ్రేడ్ చెక్ మొదటిసారి లైబ్రరీ దొరకలేదని ఆగింది. మేక్‌ఫైల్‌లో మాడ్యూల్ పేరు మార్చడం మర్చిపోయాం. సరిచేశాక దాటింది.